ఆ గొంతు ఎవరిది చెల్లీ?

ఇంట్లో పిల్లాడు "నన్నెవరో తిడుతున్నారు, మీకు వినపడట్లేదా?" అంటే మనం ఏం చేస్తాం చెల్లీ? "ఎవరూ లేరు, ఊరుకో" అని కసురుతాం. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం. ఎవరో ఒకరు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తుతారు, అదేదో తిట్టయినట్టు. చివరికి నింద తల్లి మీదికే వస్తుంది, పెంపకం బాగాలేదని. నా కడుపు రగిలేది అక్కడే.

ఆ గొంతు వెనక మెదడు సంగతి ఒకటుంది. మెదడు ముందు భాగంలో, రెండు అర్ధగోళాలూ ఎదురెదురుగా ఉండే లోపలివైపు, పారాసింగ్యులేట్ సల్కస్ అని ఒక గాడి ఉంటుంది. కొందరికి పొడుగు, కొందరికి పొట్టి, కొందరికి అసలుండదు. పుట్టకముందు ఆఖర్న ఏర్పడే గాళ్ళలో ఇదొకటి. కేంబ్రిడ్జ్‌లో జాన్ సైమన్స్, జేన్ గారిసన్ వాళ్ళ బృందం స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న 113 మందివీ, లేని 40 మందివీ స్కాన్లు పరిశీలించి 2015లో ఫలితం ప్రకటించింది. జబ్బున్నవాళ్ళలోనే, లేని గొంతులు వినపడడం లాంటి భ్రాంతులు కలిగేవాళ్ళకి ఈ గాడి మిగతావాళ్ళకంటే పొట్టిగా ఉంది. ఒక సెంటీమీటరు తగ్గితే భ్రాంతులు కలిగే అవకాశం దాదాపు 20 శాతం ఎక్కువ.

ఎందుకంటావా? స్టవ్ కట్టేశానా, కట్టేద్దామని అనుకుని వచ్చేశానా అని మనం తికమకపడుతుంటాం చూడు, ఆ తేడా తేల్చే పనిలో మెదడులోని ఈ ప్రాంతానికి పాత్ర ఉంది. 2011లో ఏ జబ్బూ లేనివాళ్ళని పరీక్షించినా, రెండువైపులా ఆ గాడి లేనివాళ్ళు తాము చూసినదేదో, ఊహించుకున్నదేదో చెప్పడంలో ఎక్కువ తడబడ్డారు. మనసులో మాట మనదేనని మెదడు గుర్తుపట్టకపోతే, అది బయటివాళ్ళ గొంతులాగే వినపడొచ్చు. పిల్లాడు నటించడం లేదమ్మా.

అలాగని గాడి పొట్టిదైతే జబ్బు వచ్చేస్తుందని కాదు. అది లేకుండా హాయిగా బతుకుతున్నవాళ్ళు బోలెడుమంది. స్కాన్ చూసి జబ్బు తేల్చడమూ కుదరదు. కడుపులో ఏర్పడిందన్నాను గదా అని మళ్ళీ తల్లినే నిలదీయకండి, ఎవరి చేతిలోనూ లేని సంగతది.

మందులతో ఆ గొంతులు చాలామందికి తగ్గుతాయి. పిల్లాడితో వాదించొద్దు. "నాకు వినపడట్లేదు నాన్నా, కానీ నీకు వినిపిస్తోందని నమ్ముతున్నా, భయమేస్తోందా?" అని పక్కన కూర్చో. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416, డబ్బులేం అడగరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపొమ్మని ఆ గొంతు చెబుతోందంటే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళు.