పద్దెనిమిది నిండాక అమ్మానాన్నల సంతకం ఎంతవరకు చెల్లుతుంది?

కురిచేడు, దొనకొండ, దర్శి వైపు పల్లెల నుండి ఇంటర్ ముగించుకొని ఒంగోలుకో, గుంటూరుకో, హైదరాబాదుకో చదువుకు వెళ్ళే మనలో చాలామంది ఇంట్లో మొదటి చదువరులమే. అటువంటి ఇళ్ళల్లో కాగితం చదివేదీ, నింపేదీ, అమ్మానాన్నల చేత వేలిముద్ర వేయించేదీ మనమే. కాబట్టి ఈ వ్యాసం తల్లిదండ్రుల కోసం రాసినదే అయినా ముందు చదవవలసింది మీరు. సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో చదివి వినిపించండి.

1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన వారు మేజరు. అంతవరకు మన వైద్యానికి తల్లో తండ్రో సంతకం చేస్తారు. ఆ తరువాత సంతకం మనదే. కూలికి పోయి చదివిస్తున్న తండ్రికి ఈ మాట కష్టంగానే తోస్తుంది. “నా బిడ్డకు నేను సంతకం పెడితే చెల్లదా?” అని అడుగుతారు. ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ప్రశ్నే. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే మహిళకు మత్తు ఇచ్చి పరీక్ష చేస్తూ, బయట ఉన్న ఆమె తల్లి అనుమతి తీసుకొని డాక్టరు గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. రోగి మేజరు, కాసేపట్లో తెలివి వస్తుంది, అప్పటికప్పుడు ప్రాణాపాయం లేదు, అటువంటప్పుడు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008 జనవరిలో కోర్టు తీర్పు చెప్పింది.

ప్రాణం మీదికి వస్తే సంగతి వేరు. నాన్న కురిచేడులో రైలెక్కి గుంటూరు చేరేదాకా డాక్టరు చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. అనుమతి చెప్పే స్థితిలో రోగి లేనప్పుడు, అయినవారు సమయానికి దొరకనప్పుడు మంచి ఉద్దేశంతో చేసిన వైద్యం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కాగితాల కోసం వైద్యం ఆపరాదని పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. రోడ్డు ప్రమాదమైతే 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు.

అసలు ఇబ్బంది వచ్చేది సమాచారం దగ్గర. మాతో చదివిన ఒక మిత్రుడు డెంగ్యూతో ఒక ఆసుపత్రిలో చేరితే, వాళ్ళ నాన్న పదిసార్లు ఫోన్ చేసినా రోగి వివరాలు ఫోనులో చెప్పము అన్నారు. రోగి గుట్టు కాపాడడం వారి విధి, కాదనలేము. కానీ ఆ రాత్రి ఆ తండ్రి నిద్రపోలేదు. దీనికి మందు ఒక తెల్లకాగితమే. “నా వైద్య వివరాలు మా అమ్మ ఫలానా, మా నాన్న ఫలానా వారికి చెప్పవచ్చు, రికార్డులు ఇవ్వవచ్చు” అని రాసి, ఫోన్ నెంబర్లు, బ్లడ్ గ్రూపు, పడని మందుల పేర్లు చేర్చి, తేదీ వేసి సంతకం చేయాలి. రోగి గాని, రోగి అధికారమిచ్చిన వారు గాని అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఆ అధికారం ఇచ్చేది ఇటువంటి కాగితమే.

మనసుకు వచ్చే జబ్బుల గురించి మన ఇళ్ళల్లో ఎవరూ నోరెత్తరు. చట్టం మాత్రం ఎత్తింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం మేజరైన ఎవరైనా తన తరఫున ఒక ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి నియమించుకోవచ్చు. అమ్మే కానవసరం లేదు, అన్నయ్య కావచ్చు, నమ్మకమైన స్నేహితుడూ కావచ్చు. అయితే ఆ మనిషి మేజరై ఉండాలి, తనకు ఇష్టమేనని వైద్యునికి రాసివ్వాలి. పరీక్షల ముందు రాత్రుళ్ళు నిద్రపట్టక తిరిగే వాళ్ళను మేము హాస్టల్లో చూశాము కనుక ఈ కాగితానికే ఎక్కువ విలువ ఇస్తాము.

వైద్యం కోసం పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తామని డబ్బు అడిగే వారు తగులుతారు. రాసిచ్చిన మనిషికి మతి తప్పితే ఆ అధికారం సాధారణంగా ముగిసిపోతుందని 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌లో ఉంది. సరిగ్గా అవసరమైన రోజున పనికిరాని కాగితానికి ఖర్చు ఎందుకు? అమెరికా పద్ధతి వేరు. అక్కడ చదివే మనవాళ్ళు మాత్రం ఆ రాష్ట్రపు హెల్త్ కేర్ ప్రాక్సీ పత్రం విడిగా నింపుకోవాలి. కాలేజీ మార్కులు కూడా విద్యార్థి ఒప్పుకోకుండా తల్లిదండ్రులకు సాధారణంగా చెప్పరు, 1974 నుండి అక్కడి చట్టం అదే.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకానికి కుటుంబ కార్డులో మన పేరు ఉన్నదో లేదో, ఆధార్‌లోనూ టెన్త్ మార్కుల జాబితాలోనూ పేరు ఒకటేనో కాదో జబ్బు రాకముందే చూసుకోవాలి.

ఇక ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం. యు.జి.సి. 2009 నిబంధనల ప్రకారం అది విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ఇవ్వాలి. ఊరికి వెళ్ళే తీరిక లేదని నాన్న సంతకం మెస్సులో కూర్చుని తామే గీకేవారు ఉన్నారు. అది ఫోర్జరీ. నాన్నకు చదువు రాకపోతే పత్రం తెలుగులో చెప్పి, ఆయన సరేనన్నాక వేలిముద్ర వేయించి, పక్కన “చదివి వినిపించగా ఒప్పుకొని వేసిన వేలిముద్ర” అని రాసి సాక్షి సంతకం పెట్టించాలి. పది నిమిషాల పని.

వార్డెన్ గారు ఎంత బాగా చూసుకున్నా చట్టం దృష్టిలో మన సంరక్షకులు కారు. అందుచేత ఈ కాగితాలు ఒక ప్రతి ట్రంకుపెట్టెలో, ఒక ప్రతి ఇంట్లో బియ్యం కార్డు పెట్టే చోట ఉంచండి. ఫోన్ నెంబరు మారినప్పుడు రెండింటిలోనూ దిద్దండి.