వేటగాణ్ణి అడిగి పక్షుల లెక్క కట్టడం
(తృతీయ సంవత్సరం బి.యస్సీ., జంతుశాస్త్రం)

పక్షుల లెక్క తీయడం మనుషుల జనాభా లెక్కల వంటిది కాదు. మనిషికి ఇల్లుంది, ఇంటికి నెంబరుంది. గొర్రెల్నయినా సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు ఒక్కొక్కటిగా లెక్కబెట్టవచ్చు. వలసపక్షికి అట్లాంటి ఆనవాలేదీ లేదు. తలమీద రెండు నల్లచారలుండే పెద్దబాతు ఎండకాలం టిబెట్టు సరస్సుల దగ్గర పిల్లలు చేసి, చలికాలంలో హిమాలయాలు దాటి మన చెరువుల్లో దిగుతుంది. ఉత్తరాదినుంచి వచ్చే పూరేళ్ళు మన కొర్ర చేలల్లో, వేరుశెనగ పెరికిన బీళ్ళల్లో చలికాలం గడిపి పోతాయి. ఎన్ని వచ్చినాయో, ఎన్ని తిరిగి పోయినాయో ఎవరు చెప్పగలరు?

వాటిని అందరికంటే దగ్గరగా చూసేవాడు ఒకడున్నాడు. వాడే వేటగాడు. అతన్ని అడిగి పక్షుల సంగతి తెలుసుకోవడం నేడొక శాస్త్రంగా పెరిగింది. దాన్ని గురించి నేను చదివినదీ, మా పల్లెల్లో విన్నదీ మిత్రులకు చెప్పాలని ఈ వ్యాసం.

ముందుగా అమెరికా సంగతి. అక్కడ బాతుల వేటకు అనుమతి ఉంది, కాని ఊరికే కాదు. 1934 నుంచి బాతుల్ని వేటాడే ప్రతి వయోజనుడూ ప్రభుత్వం అమ్మే ఒక ప్రత్యేకమైన స్టాంపు కొనాలి. దీన్ని పోస్టాఫీసుల్లో అమ్మినారు. స్టాంపు కొన్నవాళ్ళలో కొందరిని ఎంపిక చేసి, ఈ సీజనులో ఎన్నిసార్లు వేటకు పోయినారు, ఎన్ని పక్షుల్ని కొట్టినారు అని ఉత్తరాల ద్వారా అడిగే పద్ధతి 1952లో మొదలయింది. 1998 నాటికి వలసపక్షుల్ని వేటాడే ప్రతివాడూ తన పేరు నమోదు చేయించుకోవలసిన ఏర్పాటు దాదాపు దేశమంతటా వచ్చింది. అంతకుముందు పావురాలు, ఉల్లంకుల వంటివాటిని వేటాడేవాళ్ళ జాబితా సరిగా ఉండేది కాదు. జాబితా లేనిదే నమూనా తీయలేము గదా!

నాకు బాగా నచ్చినది రెక్కల సంగతి. ఎంపికయిన వేటగాళ్ళకు ప్రభుత్వమే కవర్లు పంపుతుంది. కొట్టిన ప్రతి బాతుదీ ఒక రెక్క కోసి, అందులో పెట్టి టపాలో వేయాలి. జీవశాస్త్రజ్ఞులు ఒకచోట కూర్చుని ఈకల రంగు, అరుగుదల చూసి ఇది ఏ జాతి, ఆడదా మగదా, ఈ ఏటి పిల్లా ముదురు పక్షా అని తేలుస్తారు. పదిమందిలో పిల్లలెందరో తెలిస్తే ఆ ఏడు గూళ్ళు బాగా సాగినాయో లేదో తెలుస్తుంది. పిల్లలు తక్కువగా ఉంటే వచ్చే సీజను రోజులు తగ్గించాలి, మనిషికి ఇన్ని పక్షులే అని కట్టడి చేయాలి. కసాపు అంగట్లో పారేసే రెక్కకు ఇంత విలువ ఉందని నేను జంతుశాస్త్రం చదివేదాకా అనుకోలేదు.

ఇక ఫ్రెడరిక్ లింకన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1930లో ప్రకటించిన లెక్క చూడండి. గణితమంటే భయపడే మిత్రులు కూడా దీనికి భయపడనక్కర లేదు. వేట మొదలయ్యేముందు 1000 బాతుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలినామనుకుందాం. వేటగాళ్ళ చేతికి చిక్కిన పక్షుల్లో 100 ఉంగరాలు తిరిగి వచ్చినాయి. అంటే పదింట ఒకటి వేటకు పోయింది. ఆ సీజనులో వేటగాళ్ళు కొట్టినవి మొత్తం 50,000 అని ఉత్తరాల సర్వేలో తేలింది. 50,000 మొత్తంలో పదోవంతయితే, మొత్తం 5 లక్షలు. ఒక్క పక్షిని కూడా ఆకాశంలో లెక్కబెట్టకుండానే లెక్క వచ్చింది. అయితే ఒక తిరకాసుంది. ఉంగరం దొరికినవాడు దాన్ని పంపకుండా జేబులో వేసుకుంటే 100 కాస్తా 50 అవుతుంది. అప్పుడు బాతులు 10 లక్షలని తేలుతుంది. లేని బాతుల్ని నమ్ముకుని వేట పెంచితే ఉన్నవి కూడా పోతాయి. లెక్కంతా వేటగాడి నిజాయితీ మీద నిలబడి ఉంది.

మరి వేటగాడు నిజం చెబుతాడా? ఈ ప్రశ్నకు రైతుబిడ్డలకు జవాబు తెలుసు. ఎకరాకు ఎన్ని మూటలయినాయని అప్పిచ్చినవాడు అడిగితే మా నాయన ఒక లెక్క చెబుతాడు, పిల్లనివ్వడానికి వచ్చిన సంబంధంవాళ్ళు అడిగితే ఇంకొక లెక్క చెబుతాడు. రెండూ నిజం కావు, రెండూ పూర్తిగా అబద్ధమూ కావు. అందుకే పంటల బీమాకు రైతు నోటిమాట చాలదని చేనులో కొంత చెక్క కొలిచి, కోసి, తూచే పంటకోత ప్రయోగాలు పెట్టినారు. వేటగాళ్ళ సర్వేలోనూ అంతే. సీజను అయిపోయినాక అడిగితే గుర్తుండక పదో, పదిహేనో, ఇరవయ్యో అని గుండుగుత్తగా చెబుతారు. ఎక్కువ కొట్టినామని చెప్పుకోవడం గొప్ప గనుక కొంచెం పెంచుతారు. ఇంకొక చిక్కేమిటంటే, ఏమీ దొరకనివాడు జవాబే రాయడు. బాగా దొరికినవాడు ఉత్సాహంగా రాస్తాడు. వచ్చిన ఉత్తరాల సగటు చూస్తే దేశమంతా పక్షులే అనిపిస్తుంది. దీనికి విరుగుడుగా సీజను మొదట్లోనే చిన్న డైరీ ఇచ్చి ఏ రోజుది ఆ రోజు రాయమంటారు, జవాబు రాయనివాళ్ళకు మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు వేస్తారు.

మన దేశానికి వస్తే కథ పూర్తిగా వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు కొన్ని చిన్న వేటలకు లైసెన్సు ఇచ్చే వీలుండేది. 1991 సవరణతో అది కూడా పోయింది. ఈ రోజు అడవి పూరేడును వలవేసి పట్టడం నేరం. చట్టాన్ని నేను తప్పుబట్టను. అది లేకుంటే మన కొండల్లో జింకగాని నెమలిగాని మిగిలేది కాదేమో. కాని లైసెన్సూ లేదు, జాబితా లేదు, స్టాంపూ లేదు. వేట మాత్రం రహస్యంగా ఉంది. నోటుబుక్కు పట్టుకుని పల్లెకు పోయి, "అన్నా, పోయినేడు ఎన్ని పిట్టల్ని పట్టినావు?" అంటే ఎవరు చెబుతారు? "మేము పిట్టల జోలికి పోయి శానా కాలమాయె సామీ" అని లేచి పోతారు. ఆ మాట అనేటప్పుడు చూరులో వల వేలాడుతూనే ఉంటుంది.

పేర్ల చిక్కు కూడా తక్కువది కాదు. పుస్తకాల్లో కౌజు వేరు, పూరేడు వేరు. ఇప్పుడు బజారులో ఫారంలో పెంచిన జపాను పూరేడును కౌజుపిట్ట అని అమ్ముతున్నారు. కౌజులు దొరుకుతున్నాయా అని అడిగితే ఒకడు అడవి పక్షిని తలుచుకుని చెబుతాడు, ఇంకొకడు ఫారం పక్షిని తలుచుకుని చెబుతాడు. అందుకని పేరుతో అడగరాదు, బొమ్మ చూపించి అడగాలి.

బొమ్మ చూపించి అడిగితే ఏమవుతుందో ప్రపంచానికి చూపింది మన కడప జిల్లానే. అది కలివికోడి కథ. కలివికోడి వలసపక్షి కాదు, పనిగట్టుకుని వేటాడే పక్షి కూడా కాదు. అయినా వేటగాణ్ణి అడగడం అనే పద్ధతికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన దగ్గర లేదు గనుక కొంచెం వివరంగా చెబుతాను.

మద్రాసు సర్వీసులో డాక్టరుగా ఉండిన జెర్డన్ దొర ద్వారా ఈ పక్షి 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. అందుకే ఇంగ్లీషులో అది ఆయన పేరు మీదనే ఉంది. ఆయన తన పుస్తకంలో దీనికి ఒక తెలుగు పేరు కూడా రాసినాడు. ఆ పేరు ఆయనకు ఇక్కడి జనం చెప్పకుండా ఎట్లా తెలుస్తుంది? 1900లో అనంతపురం ప్రాంతంలో ఒకసారి కనబడింది. ఆ తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా జాడ లేదు. వెదికినవాళ్ళు వెదికినారు, దొరకలేదు. జాతి అంతరించిందనే చాలామంది అనుకున్నారు.

1980ల నడిమిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు మళ్ళీ వెదకడం మొదలుపెట్టినారు. భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు ఈ ప్రాంతపు పల్లెలు తిరిగి, పిట్టలు పట్టేవాళ్ళకు బొమ్మ చూపించి విచారించినాడు. సిద్ధవటం దగ్గర, లంకమల కొండల కింద రెడ్డిపల్లెలో ఆ పక్షిని ఎరిగినవాళ్ళు ఉన్నారు. కలివి పొదల్లో తిరుగుతుంది గనుక కలివికోడి అంటామన్నారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అది రాత్రిపూట తిరిగే పక్షి అని. అంతవరకు పండితులు పగటిపూట వెదికితే, అది పగలంతా పొదల కింద కదలకుండా ఉండేది! 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో ఒక కలివికోడిని పట్టినాడు. శాస్త్రానికి ఎనభై ఆరేళ్ళుగా దొరకనిది, అతనికి రాత్రిపూట అడవి దారిలో అప్పుడప్పుడూ ఎదురయ్యే పక్షి.

పట్టిన ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. ఈ మాట చాలామంది దాటవేస్తారు, కాని చెప్పుకోవాలి. వేటగాడి దగ్గరనుంచి కావలసింది అతని ఎరుకే, పక్షి కాదు. "పట్టి చూపించు" అనకుండా "ఎక్కడ, ఎప్పుడు చూసినావు" అని మాత్రమే అడగవచ్చు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ దారినే పోయినారు. పొదల నడుమ మెత్తని మట్టి పట్టీలు పరిచి తెల్లవారి అడుగుజాడలు చూసినారు, కెమెరాలు పెట్టినారు, కూతను రికార్డు చేసి దాని సాయంతో వెదికినారు. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోగుండా రాబోతే దాని దారి మళ్ళించవలసి వచ్చింది. మళ్ళీ చాలా ఏళ్ళు జాడ లేకుండా పోయి, 2025లో దాని కూత వినబడి రికార్డయింది.

కర్నూలు మిత్రులు మా రోళ్ళపాడు సంగతేమిటి అంటారు. బట్టమేక పిట్ట కోసం అక్కడ 1988లో అభయారణ్యం పెట్టినారు. 1980లలో బొంబాయి సొసైటీ పరిశోధకులు అక్కడే ఉండి చదివినారు. దానికి డబ్బిచ్చింది, అమెరికాలో బాతుల వేటగాళ్ళకు ఉత్తరాలు వేసే ఆ శాఖే! ఈనాడు రోళ్ళపాడులో బట్టమేక కనబడటమే గగనమయింది. వేట ఒక్కటే కారణం కాదు. గడ్డి బీళ్ళు సేద్యంలోకి వచ్చినాయి, కాలువ నీళ్ళు వచ్చినాయి. ఆ చుట్టుపక్కల చేలు పెట్టుకున్నవాళ్ళను కృష్ణజింకల గొడవ ముందు అడిగితే, బట్టమేక కథ తర్వాత చెబుతారు. జింకలు మేసిన పైరు వాళ్ళది కాబట్టి వినవలసిందే.

వలసపక్షుల విషయంలో మన దేశంలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. నాగాలాండులో దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో అముర్ డేగలను లక్షకు పైగా వలలతో పట్టి చంపినట్టు అంచనా. సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతాలనుంచి ఆఫ్రికాకు పోయే పక్షులవి. మన దక్కను మీదుగా కూడా ఎగిరిపోతాయి. ఆ అంచనా ఎట్లా వచ్చింది? అక్కడి వేటగాళ్ళనే అడిగి, ఎన్ని జట్లున్నాయి, జట్టుకు రోజుకు ఎన్ని పడతాయి అని గుణించినారు. వాళ్ళు దాచకుండా చెప్పినారు. మరుసటేడు, 2013లో, అదే ఊళ్ళవాళ్ళు, చర్చీలు, అటవీశాఖ కలిసి వేటను పూర్తిగా ఆపినారు. వల వేసినవాళ్ళే కావలి కాసినారు. లెక్క చెప్పినందుకు వాళ్ళమీద ముందు కేసులు పెట్టి ఉంటే మరుసటేడు ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదని నా అభిప్రాయం.

సెలవులకు పల్లెలకు పోయే మిత్రులు ఈ పని చేయవచ్చు. సంక్రాంతి సెలవులు దీనికి అనువైనవి, వలసపక్షులు అప్పటికి వచ్చి ఉంటాయి. ఊళ్ళో పిట్టలు పట్టడం తెలిసిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవాలి. పోగానే పుస్తకం తీయరాదు. వాళ్ళను పేరు పెట్టి పిలవక వరసపెట్టి పిలవాలి, తాతా అనో మామా అనో. "నువ్వు ఎన్ని పట్టినావు?" అని ఎప్పుడూ అడగరాదు. "మీ చిన్నప్పుడు ఈ వంకలో ఏమేమి పిట్టలు దిగేవి? ఇప్పుడు ఏవి రావడం లేదు?" అని అడిగితే చాలు, గంటసేపు చెబుతారు. పక్షుల బొమ్మలు పదో పన్నెండో పెట్టుకోవాలి. అందులో మన ప్రాంతానికి రానేరాని పక్షి బొమ్మ ఒకటి కలపాలి. దాన్ని కూడా చూసినానన్నవాడి మాటలు కొంచెం తగ్గించి రాసుకోవాలి. అన్నిటికీ చూసినానని తలూపేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురుంటారు, మనల్ని నొప్పించడం ఇష్టంలేక. ఏ కార్తెలో వస్తాయి, ఏ పైరులో మేస్తాయి, కూత ఎట్లా ఉంటుంది అని వాళ్ళ మాటల్లోనే రాయాలి. వాళ్ళు స్వాతి కార్తె అంటే స్వాతి కార్తె అనే రాయాలి, ఇంటికి వచ్చి తారీఖుగా మార్చుకోవచ్చు. పుస్తకంలో ఊరి పేరు, వంక పేరు, చెప్పినాయన వయసు చాలు. ఆయన పేరు, ఇంటిపేరు రాయవద్దు, ఫోటో తీయవద్దు.