'ష్యూర్' గుర్రాలు ఓడిన చోటు

మా ఇంట్లో 'రేసులు' అనే మాట ఎవరూ పైకి అనరు. మా మావయ్య ఒకప్పుడు గుర్రప్పందేల్లో డబ్బు పోగొట్టుకున్నాడు. ముందు జీతం, తర్వాత అత్తయ్య గాజులు, చివరికి అమ్మమ్మ పేరు మీదున్న రెండొందల గజాల స్థలం. పోయిన ప్రతిసారీ ఒకటే మాట అనేవాడట: "ఈసారి ష్యూర్ గుర్రం అనుకున్నా."

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. అందుకే మొన్న సెలవుల్లో ఒక పెద్ద రేసు చరిత్ర చదివాను. పందెం కోసం కాదు, ష్యూర్ గుర్రం అనేది అసలు ఉంటుందా అని చూద్దామని. ఆ రేసు పేరు 'ప్రి ద లార్క్ ద ట్రియోంఫ్'. అంత పేరు నోరు తిరగదు కాబట్టి అందరూ 'ఆర్క్' అంటారు, మనమూ అలాగే అందాం.

యుద్ధం తర్వాత పుట్టిన పందెం

పారిస్‌లో నెపోలియన్ 1806లో కట్టమని ఆజ్ఞాపించిన విజయ తోరణం ఒకటుంది. పూర్తయ్యేసరికి 1836 వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 జూలై 14న విజయోత్సవ కవాతు దాని కిందుగానే నడిచింది. మరుసటి ఏడు అక్టోబర్ 3న, పారిస్‌లోని లాంగ్‌షాం మైదానంలో ఆ తోరణం పేరుతో మొదటి ఆర్క్ జరిగింది. ఇంకో ఐదారు వారాలకు, నవంబర్ 11న, పేరు తెలియని ఒక సైనికుడి శవపేటికను అదే తోరణానికి చేర్చారు. అంటే ఈ రేసు పేరులో గెలుపూ ఉంది, దుఃఖమూ ఉంది.

అన్ని దేశాల మేటి గుర్రాలూ ఒకచోట తేల్చుకోవాలన్నది ఫ్రెంచివాళ్ల ఆలోచన. తీరా మొదటి ఏడే కప్పు ఇంగ్లండ్ నుంచి వచ్చిన 'కామ్రేడ్' ఎగరేసుకుపోయింది!

రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1939, 1940ల్లో రేసు జరగలేదు. 1943, 1944ల్లో లాంగ్‌షాం వదిలి ల ట్రాంబ్లే అనే వేరే మైదానంలో జరిపారు. లాంగ్‌షాం పునర్నిర్మాణం కోసం 2016, 2017ల్లో షాంటియీకి మార్చారు. మిగతా ఏళ్లన్నీ లాంగ్‌షాంలోనే. ఇప్పుడైతే ఏటా అక్టోబర్ మొదటి ఆదివారం.

సమానం చేసే లెక్క

దూరం 2400 మీటర్లు, పచ్చిక మీద పరుగు. దారిలో దూకాల్సిన అడ్డంకులేమీ ఉండవు. మూడేళ్లు, ఆపైన వయసున్న గుర్రాలు ఇరవై దాకా దిగుతాయి. రెండున్నర నిమిషాల్లో అంతా అయిపోతుంది.

మూడేళ్ల గుర్రం ఇంకా పూర్తిగా ఎదగలేదు కదా, పెద్దవాటితో ఎలా పోటీ పడుతుంది? అందుకే బరువు లెక్క పెట్టారు. పెద్ద మగ గుర్రం 59.5 కిలోలు మొయ్యాలి, మూడేళ్ల మగ గుర్రం 56.5. ఆడ గుర్రానికి ఇంకో కిలోన్నర తగ్గింపు. ఇందులో జాకీ, జీను అన్నీ కలిపే. పోయినసారి గెలిచింది కదా అని ఎవరికీ అదనపు బరువు వెయ్యరు. వయసు, ఆడా మగా తేడా సరిచేసి, మిగతాది కాళ్లకే వదిలేస్తారు.

మైదానం మాత్రం మోసం చేస్తుంది. మొదట దాదాపు పది మీటర్ల ఎత్తు ఎక్కి, మలుపు తిరుగుతూ దిగాలి. అప్పుడొక తిన్నని దారి కనిపిస్తుంది. అదే ఆఖరి దౌడు అనుకుని జాకీ గుర్రాన్ని వదిలేశాడా, పని అయిపోయినట్టే. అసలు ఆఖరి దారి ఇంకో వంపు తిరిగాక ఉంటుంది. ఈ ముందుదాన్ని 'దొంగ తిన్నని దారి' అనొచ్చు.

ష్యూర్ గుర్రాల జాబితా

ఇప్పుడు నా అసలు ప్రశ్న. 1970లో నిజిన్‌స్కీ అనే గుర్రం వచ్చింది. అంతవరకూ పరిగెత్తిన పదకొండు రేసులూ గెలిచింది. ఒక తల తేడాతో ససఫ్రాస్ చేతిలో ఓడింది. 2006లో జపాన్ నుంచి డీప్ ఇంపాక్ట్ వస్తే, దాని మీద కాయడానికి అభిమానులు విమానాలెక్కి వచ్చారు. మూడోదిగా వచ్చింది. తర్వాత నిషేధిత మందు బయటపడి ఆ స్థానమూ పోయింది. 2012లో జపాన్‌దే ఓర్ఫెవ్ర్ ఆఖరి దారిలో అందర్నీ దాటేసింది. గెలిచేసిందనుకున్నారు. గీత దగ్గర సొలేమియా అందుకుని దాటింది. 2025 వరకూ జపాన్ గుర్రం ఒక్కటీ ఆర్క్ గెలవలేదు. అయినా వాళ్లు వస్తూనే ఉన్నారు.

రెండేసిసార్లు గెలిచినవి ఎనిమిది ఉన్నాయి. మూడోసారి ఏదీ గెలవలేదు. 2013, 2014ల్లో గెలిచిన ట్రెవ్ 2015లో నాలుగోదయింది. 2017, 2018ల్లో గెలిచిన ఎనేబుల్‌ని 2019లో వాల్డ్‌గైస్ట్ చివరి క్షణాల్లో దాటేసింది. రెండూ ఆ రోజు ఫేవరెట్లే. ఇంకోవైపు 1975లో రూపాయికి 119 పలికిన, ఎవరూ లెక్కచెయ్యని స్టార్ అప్పీల్ గెలిచింది.

మరి అస్సలు ఓడనిది లేదా? ఉంది. ఇటలీ గుర్రం రిబో. 1955, 1956ల్లో ఆర్క్ గెలిచి, జీవితంలో పదహారుకి పదహారూ నెగ్గి రిటైరయింది. కానీ రిబో ఓడదని మనకి తెలిసింది పదహారూ అయిపోయాకే కదా! పదకొండో రేసు అయ్యాక నిజిన్‌స్కీ కూడా అచ్చం రిబోలాగే కనిపించింది.

మా హాస్టల్లో గుర్రాలు లేవు, ఫోన్లున్నాయి. మొన్న మా రూమ్మేటు రెండు వేలు అడిగాడు. "ఈ మ్యాచ్ ష్యూర్ రా, రేపే ఇచ్చేస్తా" అన్నాడు. నిజిన్‌స్కీ కథ చెప్పాను. నవ్వి, పక్క గదికి వెళ్లి అడిగాడు.

ఆ రాత్రి మావయ్యకి ఫోన్ చేసి అదే కథ చెప్పాను. అంతా విని, "ఎంత తేడాతో ఓడింది?" అన్నాడు.

"తల తేడాతో, మావయ్యా."

కాసేపు మాట్లాడలేదు. "నాకూ ప్రతిసారీ అంతే తేడా అనిపించేది రా. అందుకే మళ్లీ వెళ్లేవాణ్ణి" అన్నాడు. తర్వాత మెల్లగా, "మనం రేసుల గురించి మాట్లాడుకున్నామని మీ అమ్మకి చెప్పకు" అని ఫోన్ పెట్టేశాడు.