ట్రంకేటెడ్: తెగిందా, పూర్తికాలేదా?



ఈసారి పాఠం ఒక ఇంగ్లీషు విశేషణం గురించి. తెలుగు పేజీల్లో ఇంగ్లీషు మాటకు ఏం పని అంటారా? ఆ మాటను సరిగ్గా వాడడానికి మన తెలుగు మాటలే దారి చూపిస్తాయి. పైగా బదిలీల మీద ఊళ్లు మారే మనలాంటి ఇళ్లలో దీని అవసరం తరచూ పడుతుంది. ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. మీరు నోటుబుక్కులో ఇంగ్లీషులో రాసుకోండి.

మాట: ట్రంకేటెడ్. పలికేటప్పుడు 'కే' మీద ఊత పెట్టండి. అర్థం: చివర తెగిన, అర్ధాంతరంగా ముగిసిన.

మాట ఎక్కడిది?

దీనికి మూలం లాటిన్‌లోని 'ట్రంకస్'. కొమ్మలు నరికిన మాను, తల, కాళ్లు, చేతులు లేని మొండెం అని దాని అర్థాలు. ఇంగ్లీషులో చెట్టు మానునూ, మొండేన్నీ ఇప్పటికీ 'ట్రంక్' అనే అంటారు. మీ ఇంట్లో, మూత మీద తెల్ల పెయింటుతో నాన్నగారి పేరో అమ్మగారి పేరో రాసి ఉన్న ట్రంకు పెట్టెకూ ఆ మాటే. తొలినాళ్లలో మానును తొలిచి పెట్టెలు చేసేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని నిఘంటువులు చెబుతాయి.

మథుర మ్యూజియంలోని కనిష్కుడి విగ్రహం బొమ్మ చూశారా? తల లేదు, నిలువెత్తు మొండెం మాత్రం మిగిలింది. తెలుగులో 'మొండెం' పక్కనే 'మొండి' ఉంది. మొండి చెయ్యి, మొండి గోడ అంటాం. ఉన్నదానిలో ఒక భాగం పోయి, మిగతాది నిలబడి ఉందని అర్థం. ఈ రెండు భాషల మాటలకూ చుట్టరికం లేదు కానీ ఊహ ఒకటే. ట్రంకేటెడ్ వాడే ముందు మొండి గోడను తలుచుకోండి.

ఎక్కడ వాడాలి?

గణితంలో: శంకువు పైభాగాన్ని అడుగుకు సమాంతరంగా కోసేస్తే మిగిలేది ట్రంకేటెడ్ కోన్. దాన్నే ఫ్రస్టమ్ అంటారు. మనం నీళ్లు పట్టే బకెట్టు ఆకారం అదే, తలకిందులుగా ఉంటుందంతే.

అంకెల్లో: 3.14159ని మూడు దశాంశ స్థానాల దగ్గర తెగ్గోస్తే 3.141. సవరిస్తే, అంటే రౌండ్ చేస్తే 3.142. మొదటిది ట్రంకేటెడ్, రెండోది రౌండెడ్. తెగ్గోసేటప్పుడు తరువాత ఏ అంకె ఉందో చూడం.

ఆటల్లో: 2013 జూన్ 23న బర్మింగ్‌హామ్‌లో భారత్, ఇంగ్లండ్‌ల ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. 50 ఓవర్ల మ్యాచ్ వాన వల్ల 20 ఓవర్లకు తగ్గింది. భారత్ 5 పరుగుల తేడాతో గెలిచింది. 'ఇండియా వన్ ఎ రెయిన్-ట్రంకేటెడ్ ఫైనల్' అని రాయవచ్చు. తెగింది ఆట సమయమే. కప్పు మాత్రం పూర్తిగా మనదే.

వార్తల్లో: 2020లో పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు ఏప్రిల్ 3 వరకు జరగాలి. కరోనా వల్ల మార్చి 23నే ముగించారు. 'ది సెషన్ వజ్ ట్రంకేటెడ్.'

ఎక్కడ వాడకూడదు?

తెలుగు పత్రికలు చాలా సందర్భాల్లో 'కుదింపు' అనే ఒక్క మాటతో సరిపెడతాయి. ఇంగ్లీషులో అలా కుదరదు.

క్యాన్సిల్డ్: అదే 2020లో పార్లమెంటు శీతాకాల సమావేశాలు అసలు జరగనే లేదు. మొదలే కానిదానికి తెగడం ఎక్కడిది? అది రద్దు.

ఇంటరప్టెడ్: 2021 మే 4న ఐపీఎల్‌ను మధ్యలో ఆపారు. సెప్టెంబరులో యూఏఈలో మళ్లీ మొదలుపెట్టి, అక్టోబరు 15న ఫైనల్ ఆడారు. ఆగింది కానీ తెగలేదు.

అబ్రిడ్జ్‌డ్: పెద్ద కథను సారం పోకుండా చిన్నదిగా రాస్తే అది సంక్షిప్తం. అందులో ముగింపు ఉంటుంది. అదే పుస్తకంలో చివరి 40 పేజీలు చిరిగిపోతే మిగిలేది ట్రంకేటెడ్ కాపీ.

షార్ట్: చెక్కీ చెక్కీ అరిగిన పెన్సిలు షార్ట్. దాన్ని ట్రంకేటెడ్ అంటే నవ్వుతారు.

ఇంకో జాగ్రత్త. 'వెరీ ట్రంకేటెడ్' అనకండి, 'సివియర్లీ ట్రంకేటెడ్' అనండి. ఇది రాతలో, వార్తల్లో ఎక్కువగా కనిపించే మాట. స్నేహితులతో మాట్లాడేటప్పుడు 'కట్ షార్ట్' చాలు: 'అవర్ ట్రిప్ వజ్ కట్ షార్ట్.'

తెగిందా, పూర్తికాలేదా?

అసలు తేడా ఇక్కడ ఉంది. ఏడాది మధ్యలో బదిలీ ఉత్తర్వులు వస్తాయి. వార్షికోత్సవ నాటకంలో మీకు వేషం ఇచ్చి ఉంటారు, సైన్సు ప్రాజెక్టు సగంలో ఉంటుంది. కొత్త ఊళ్లో కొత్త టీచరుకు పరిచయం రాసివ్వమంటే, చాలామంది 'మై ప్రాజెక్ట్ వజ్ ఇన్‌కంప్లీట్' అని రాస్తారు.

వ్యాకరణం తప్పు కాదు. కానీ చదివినవారికి ఏమనిపిస్తుంది? ఈ పిల్లవాడు పని పూర్తి చేయలేదు అనిపిస్తుంది. ఇన్‌కంప్లీట్ అనే మాట లోటును మాత్రమే చూపిస్తుంది, కారణం చెప్పదు. ట్రంకేటెడ్ అలా కాదు. అది 'తెగ్గోయు' అనే క్రియ నుంచి పుట్టింది. దాని వెనుక తెగ్గోసినది ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. 'మై ప్రాజెక్ట్ వజ్ ట్రంకేటెడ్ బై ఎ ట్రాన్స్‌ఫర్' అని రాయండి. పని జరిగిందని, బదిలీ వల్ల ఆగిందని, అంతవరకు చేసింది నిజమేనని ఒక్క వాక్యంలో తెలుస్తుంది.

ఇది సాకు చెప్పడం కాదు. హోంవర్కు బద్ధకించి వదిలేస్తే అది ఇన్‌కంప్లీటే, అక్కడ ట్రంకేటెడ్ అంటే అబద్ధం. జరిగినదానికి సరిపడే మాట వెతుక్కోవడమే భాష నేర్చుకోవడం.

మీ తెలుగు సంగతి కూడా ఇంతే. రెండేళ్లు చదివాక, తెలుగు తరగతి లేని ఊరికి వెళ్తారు. గుణింతాల దగ్గరో, ఒత్తుల దగ్గరో చదువు ఆగుతుంది. అది ట్రంకేటెడా, ఇంటరప్టెడా? ఆ రోజున ఎవరూ చెప్పలేరు. మళ్లీ పుస్తకం తెరిస్తే ఇంటరప్టెడ్. తెరవకపోతే ట్రంకేటెడ్. ఆ మాటను ఎంచుకునేది మీరే.

అభ్యాసం

ఈ సందర్భాలకు సరిపడే విశేషణం చెప్పండి: ట్రంకేటెడ్, అబ్రిడ్జ్‌డ్, ఇంటరప్టెడ్, క్యాన్సిల్డ్, ఇన్‌కంప్లీట్.

1. సినిమా మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక చివరిదాకా చూశాం.
2. వాన వల్ల ఉదయం అసెంబ్లీ ప్రార్థనతోనే ముగిసింది. వార్తలు, ప్రసంగం జరగలేదు.
3. పెద్ద నవలను పిల్లల కోసం 100 పేజీల్లో తిరగరాశారు.
4. విహారయాత్రకు బస్సు కదలకముందే వద్దన్నారు.
5. మూడు లెక్కలు చేయకుండా నోటుబుక్కు ఇచ్చేశాను.
6. మీ కిందటి బదిలీ గురించి రెండు వాక్యాలు రాయండి: తెగినది ఒకటి, ఆగి మళ్లీ సాగినది ఒకటి.

జవాబులు: 1. ఇంటరప్టెడ్ 2. ట్రంకేటెడ్ 3. అబ్రిడ్జ్‌డ్ 4. క్యాన్సిల్డ్ 5. ఇన్‌కంప్లీట్. ఆరోదానికి జవాబు మీ దగ్గరే ఉంది. రాసి మీ టీచరుగారికి చూపించండి.