మూటకు తాళము



మన నల్లపాడు ప్రాంతమున పత్తి బేలు నెఱుగనివారుండరు. గది నిండుగా నుండు దూది మిల్లులో నదిమి కట్టిన పిమ్మట కొద్దిచోటనే యిముడును. కంప్యూటరులోని జిప్ మూటయు నట్టిదే. అమెరికా దేశస్థుడగు ఫిల్ కాట్జ్ 1989లో దీనిని లోకమునకు దెచ్చెను. పెక్కు ఫైళ్లనొక్కటిగా జేర్చి, మరల మరల వచ్చు భాగములను క్లుప్తపఱచి, పరిమాణమును తగ్గించుట దీని పని. విప్పినప్పుడొక్క యక్షరమైనను తఱుగదు.

ఈ మూటకు తాళమును వేయవచ్చును. లినక్స్ యంత్రమున టెర్మినల్ తెఱచి, ఈ యాజ్ఞను ఆంగ్లాక్షరములతో టైపు చేయవలెను:

జిప్ -ఇఆర్ మార్కులు.జిప్ మార్కులు

మొదటిది పనిముట్టు పేరు. అడ్డుగీత వెనుక "ఇ" యనగా తాళము వేయుమనుట. "ఆర్" అనగా ఫోల్డరు లోపలి వానినన్నిటిని జేర్చుమనుట. తరువాతిది కట్టబోవు మూట పేరు. చివరిది కట్టవలసిన ఫోల్డరు పేరు. అంతట యంత్రము పాస్‌వర్డును రెండుమార్లడుగును. టైపుచేయు నక్షరములు తెరపై గనబడవు, కంగారుపడరాదు. పాస్‌వర్డును ఆజ్ఞలోనే వ్రాయు మార్గము గలదు గాని, పాత యాజ్ఞల పట్టికలో నది మిగిలిపోవును గనుక ఆ పని కూడదు.

ఇంతటితో పని ముగిసినదని నేనును ఒకప్పుడు తలంచితిని. ఫీజు బాకీపడిన పిల్లల కాగితములను, వారి వారి పేర్లతోనే, యిట్లు మూటగట్టి యొక కార్యాలయమునకు బంపితిని. అచ్చటి గుమాస్తా పాస్‌వర్డు అడుగకుండగనే పేర్లన్నియు చదివి వినిపించెను. నా యజాగ్రత్తవలన ఆ పిల్లల యిబ్బంది పరుల చెవిని బడెను. బేలుపై ముద్రవలె, జిప్ మూటలో ఫైళ్ల పేర్లు తాళమునకు వెలుపలనే యుండును. "అన్‌జిప్ -ఎల్ మార్కులు.జిప్" అని టైపుచేసి మీరే చూడుడు.

మఱియొక లోపము గలదు. పై యాజ్ఞ వేయునది పాతకాలపు తాళము. మూటలోని కొంతభాగము ముందే తెలిసినవాడు తక్కినదానిని విప్పగలడని 1994లో బీహామ్, కోచర్ అను నిద్దఱు పండితులు చూపిరి. కావున పరుల గుట్టును కట్టునపుడు 7-జిప్ అను పనిముట్టును వాడుట మేలు:

7జెడ్ ఎ -పి -ఎంహెచ్ఈ=ఆన్ మార్కులు.7జెడ్ మార్కులు

ఇది ఏ.ఇ.ఎస్. అను బలమైన తాళమును వేసి, లోపలి పేర్లను గూడ దాచును. అందుకొనువారి యంత్రమునను 7జెడ్ మూటను విప్పు పనిముట్టుండవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి నాలుగు. పాస్‌వర్డు పొడవుగా నుండవలెను. మూటను పంపిన యుత్తరములోనే దానిని పంపరాదు, వేఱుగా దెలుపవలెను. మఱచినచో మాఱుతాళముచెవి లేదు. మూట కట్టినను అసలు ఫోల్డరు తాళము లేకయే యంత్రమున నిలిచియుండును. దానినిగూర్చియు జాగ్రత్త వలయును.

మన చేతికి వచ్చిన కాగితము వెనుక నొక కుటుంబము యొక్క మర్యాద యున్నది. దానిని గాపాడుటయు పొరుగువారిని బ్రేమించుటలో నొక భాగమే.