తేలిక కాంక్రీటుకు బలం చేకూర్చడం ఎలా?



కూడు, గుడ్డ, గూడు మనిషికి కనీస అవసరాలు. మన తల్లిదండ్రులలో చాలామంది మేస్త్రీలుగా, కూలీలుగా ఆ గూడు కట్టే పనిలోనే ఉన్నారు. తట్టలతో కాంక్రీటు మోసిన వారికి దాని బరువు ఎంతో తెలుసు. ఆ బరువు తగ్గించి కూడా బలం నిలుపుకోవడం ఎలాగో, సివిల్ డిప్లొమా చదువులో మేము నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాము.

బరువు ఎందుకు తగ్గించాలి?

మామూలు కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. రాతి కంకర బదులు లోపల గాలి రంధ్రాలున్న తేలిక కంకర వాడితే అది 1,800 కిలోలకు తగ్గవచ్చు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం గల స్లాబుకు 1.2 ఘనపు మీటర్లు పడుతుంది. అంటే 2,880 కిలోల చోట 2,160 కిలోలే! తగ్గిన 720 కిలోల భారం దూలాలకు, స్తంభాలకు, పునాదికి తప్పుతుంది. భూకంప సమయంలో కూడా తేలికైన భవనంపై తక్కువ బలం పడుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. రోములో రెండవ శతాబ్దపు పాంథియాన్ గోపురం పైభాగంలో తేలికైన అగ్నిపర్వత రాయి కలిపారు. 43 మీటర్ల వెడల్పున్న ఆ గోపురం నేటికీ నిలిచి ఉంది. రామగుండం, ఇబ్రహీంపట్నం వంటి థర్మల్ కేంద్రాలలో వచ్చే ఫ్లైయాష్‌ను ఉండలుగా చేసి కాల్చినా తేలిక కంకర తయారవుతుంది.

బలం అంటే ఏ బలం?

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది. లాగితే మాత్రం అందులో పదో వంతు బలానికే పగులుతుంది. మట్టి గోడకు వరిగడ్డి కలిపి తొక్కడం మన ఊళ్ళలో చూశాం కదా! కాంక్రీటులో పోగులు చేసే పని కూడా అదే. పగులు వచ్చినచోట రెండు అంచులనూ పట్టి ఉంచుతాయి. పోగుల వల్ల సంపీడన బలం పెద్దగా పెరగదు. అది పెరగాలంటే ఈ క్రింది జాగ్రత్తలు తీసుకోవాలి.

1. కంకర: తేలిక కాంక్రీటులో పగులు కంకర గుండానే పోతుంది. కాబట్టి గట్టి రకాన్ని, చిన్న సైజులో ఎంచుకోవాలి. ముందుగా నానబెట్టాలి. లేకుంటే అది కలిపిన నీటిని పీల్చేస్తుంది. నానిన కంకర తర్వాత లోపలి నుంచి కూడా తేమనందిస్తుంది.

2. నీరు: సిమెంటుతో పోల్చి నీరు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. పోగులు కలిపితే మాలు బిరుసవుతుంది. అప్పుడు నీళ్ళు పోయకూడదు, సూపర్ ప్లాస్టిసైజర్ వాడాలి.

3. సిలికా ఫ్యూమ్: సిమెంటు బరువులో 5 నుంచి 10 శాతం వాడితే సన్నని ఖాళీలు పూడి, కంకరకు పట్టు పెరుగుతుంది.

4. పోగులు: ఘనపు మీటరులో 0.5 శాతం ఉక్కు పోగులంటే సుమారు 39 కిలోలు. 0.1 శాతం పాలీప్రొపిలీన్ పోగులు ఒక కిలో కూడా ఉండవు. ఇవి తొలి గంటల్లో వచ్చే సన్నని పగుళ్ళను ఆపుతాయి. వంపును తట్టుకోవడానికి కొక్కెం చివరలున్న ఉక్కు పోగులు మేలు. ఏవైనా కొద్దికొద్దిగా చల్లాలి, లేకుంటే ఉండలు కడతాయి.

5. వైబ్రేటర్, క్యూరింగ్: వైబ్రేటర్ ఎక్కువసేపు పెడితే తేలిక కంకర పైకి తేలుతుంది. కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిపితే 10 రోజులు తడపాలి.

పరీక్ష

15 సెంటీమీటర్ల ఘనాలు మూడింటిని 28 రోజులకు యంత్రంలో నొక్కి సగటు తీస్తారు. 450 కిలోన్యూటన్లకు పగిలితే బలం చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. పోగుల మేలు ఇందులో కనిపించదు. దానికి చిన్న దూలాన్ని వంచి చూడాలి.

ఒక హెచ్చరిక! పోగులు వేశాం కదా అని స్లాబులో ఇనుప చువ్వలు తగ్గించకూడదు. ఆ లెక్క ఇంజనీరే చెప్పాలి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఎక్కడైనా మాలులో అదనంగా నీళ్ళు పోస్తుంటే, ఎందుకు వద్దో మన పెద్దలకు వినయంగా చెబుదాం. ఆ స్లాబు కింద నిద్రపోయేది మనవాళ్ళే కదా!