మేరుప్రస్తారము - పాచికల పరీక్ష

పింగళాచార్యుని ఛందశ్శాస్త్రమునకు హలాయుధుడు (10వ శతాబ్ది) రచించిన వ్యాఖ్యలో మేరుప్రస్తారము వివరింపబడినది. పండ్రెండక్షరముల పాదమున గురువుల సంఖ్యను బట్టి వృత్తభేదములు 1, 12, 66, 220, 495, 792, 924 అను క్రమమున పెరిగి, మరల అదే క్రమమున తగ్గును, మొత్తము 4096. పండ్రెండు పాచికలను ఒక్కమారు వేయుటకును ఈ పంక్తియే వర్తించును. గురులఘువులకు మారుగా 'ఐదు లేక ఆరు పడుట', 'పడకుండుట' అని గ్రహించి, వానికి వరుసగా 1/3, 2/3 సంభావ్యతలను చేర్చిన చాలును.

ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు వెల్డన్ ఇట్లు 26,306 మార్లు వేసిన ఫలితములను 1894లో గాల్టన్‌కు లేఖలో తెలిపెను. కార్ల్ పియర్సన్ 1900లో కై-వర్గ పరీక్షను ప్రతిపాదించుచు వీనినే ఉదాహరించెను. ప్రతి తరగతియందు దృష్టసంఖ్యకును ఊహితసంఖ్యకును గల భేదమును వర్గించి, ఊహితసంఖ్యచే భాగించి, లబ్ధములను కూడుట ఈ పరీక్షావిధానము. దృష్టమును ఊహితముచే భాగించి, ఆ లబ్ధము యొక్క సహజ సంవర్గమానమును దృష్టసంఖ్యచే గుణించి, అన్నింటిని కూడి ద్విగుణించుట సంభావితా నిష్పత్తి పరీక్ష. సంఖ్యలు పెద్దవైనచో రెండింటికిని ప్రమాణపట్టిక ఒక్కటే.

భేదము అల్పసంఖ్యలున్న తరగతులలో బయటపడును. 13 తరగతులను అట్లే ఉంచినచో కై-వర్గము 41.3, రెండవది 38.5. పదకొండు పాచికలు ఫలించిన తరగతిలో ఊహితము 1.2 మాత్రమే కాగా దృష్టము 4. ఈ నాలుగు వేతలే కై-వర్గమునకు 6.7 చేర్చినవి. చివరి మూడు తరగతులను ఏకము చేసినచో విలువలు 35.5, 35.1 అగును. రెండును దాదాపు ఏకీభవించినవి. కావున కై-వర్గము అల్పతరగతులకు అధికముగా లోబడునని గ్రహింపవలెను. తరగతుల కూర్పును ఫలితము చూడకముందే నిర్ణయించుట న్యాయము.

11 తరగతులకు, నూటికి ఐదు పాళ్ల ప్రమాణమున, హద్దు 18.3. రెండు పరీక్షలును దానిని మించినవి. అంతమాత్రమున మేరుపంక్తి దూష్యమా? కాదు. మొత్తము 3,15,672 పాచికలలో 1,06,602 ఫలించినవి, నిష్పత్తి 0.3377. 1/3కు బదులు దీనిని గ్రహించినచో కై-వర్గము సుమారు 8.2కు తగ్గును, ఒక విలువను దత్తాంశము నుండియే గ్రహించుటచే హద్దు 16.9 అగును. అనగా నియమము నిలిచినది, పాచికలు సమములను ఊహ తొలగినది. చుక్కలకై తొలిచిన గుంటల వలన ఐదు, ఆరు గల ముఖములు తేలికయగుట దీనికి సాధారణముగా చెప్పబడు కారణము.

కావ్యములందలి గురులఘువులను లెక్కించు పరిశోధకులకును ఈ వివేకము అవసరము. పరీక్ష విఫలమైనప్పుడు దోషము నియమమునదా, గ్రహించిన విలువదా, తరగతుల కూర్పుదా అని విడదీసి చూడవలెను. పైగా పాచికలవలె అక్షరములు పరస్పర నిరపేక్షములు కావు. వృత్తమే వానిని బంధించును. ఆ భేదమును విస్మరించి పట్టికను ఆశ్రయించినచో, లెక్క సరియైనను నిర్ణయము తప్పగును.